రెండో బేస్ మీద డ్యూటీ

పోల్చి చూడటం మంచి అలవాటే. వంకాయలు కొనేటప్పుడు నేనూ పోల్చే కొంటాను. అయితే కొన్నాక ఇంటికి తెచ్చి కూర చేసుకుంటాను. మా రాష్ట్రంలో ఈమధ్య ఏర్పడిన తులనా ప్రాధికార సంస్థకు ఈ రెండో సంగతి తెలియదు. పోల్చిన వంకాయను వాళ్ళు మళ్ళీ పోలుస్తారు. వంకాయ కుళ్ళిపోతే, కుళ్ళిన వంకాయల్లో ఏది ముందుందో చూస్తారు.

మొదట బడుల్ని బడులతో పోల్చారు. తర్వాత ఆసుపత్రుల్ని ఆసుపత్రులతో పోల్చారు. పోల్చడానికి ఇంకేమీ మిగలక బడుల్ని ఆసుపత్రులతో పోల్చి, బడుల్లో మరణాలు చాలా తక్కువని తేల్చి, పంతుళ్ళకు శాలువలు కప్పారు. ఇలా సాగుతుండగా సంస్థ ప్రత్యేకాధికారి పరాంకుశం గారు మురుగునీటి శుద్ధిని అధ్యయనం చేయడానికి విదేశం వెళ్ళారు. అక్కడి మురుగునీరు వాసన వేయకపోవడంతో అధ్యయనానికి ఏమీ దొరక్క, సాయంత్రం బేస్‌బాల్ చూశారు.

ఆ ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. మైదానంలో నాలుగు మూలలా నాలుగు బేసులుంటాయి. బేసు అంటే పల్చటి చదరపు దిండు. బంతిని కొట్టిన మనిషి మొదటి బేసుకు, అక్కణ్ణుంచి రెండో దానికి, మూడో దానికి పరిగెత్తి, చివరికి బయల్దేరిన చోటికే తిరిగి రావాలి. ఆ చోటిని హోమ్ అంటారు. మన పిల్లలు ఇల్లు అనే అంటారు. తిరిగి వస్తేనే ఒక పరుగు. ఒక్క దెబ్బకు అంత దూరం రావడం కష్టం గనక చాలామంది దారిలో ఏదో ఒక బేసు మీద ఆగిపోతారు. వెనక వచ్చేవాళ్ళు బంతిని దూరంగా కొడితే, ఆ సందులో వీళ్ళు ఇల్లు చేరతారు. అందుకే మొదటి ముగ్గురూ ఎలాగో ఒకలా బేసుల మీదికి చేరి నిలబడతారు. అందరికంటే గట్టిగా కొట్టేదాన్ని నాలుగో నంబరుగా పంపుతారు. దారిలో నిలిచిపోయిన వాళ్ళందర్నీ ఇంటికి తేవడం ఆ పిల్ల పని.

ఇంత బాధ్యత గల స్థానాన్ని ఇన్నాళ్ళూ ఎవరూ తనిఖీ చేయలేదన్న బాధతో పరాంకుశం గారికి తిరుగు విమానంలో నిద్ర పట్టలేదట. ఎవరు ఎంతమందిని ఇంటికి తెస్తున్నారో చూసి, అన్ని జిల్లాల ఆడపిల్లల జట్ల నాలుగో నంబర్లను సీజనంతా పోల్చాలని విమానం దిగీదిగగానే ఉత్తర్వు ఇచ్చారు.

మాది రాగులదిన్నె. మా పెరటిగోడే జిల్లా మైదానానికి దక్షిణపు గోడ. గోడలో ఒకచోట ఇటుకలు ఊడిపోయాయి. అక్కడ కుర్చీ వేసుకుంటే ఆటంతా కనబడుతుంది. చదువుకోవడానికి పుస్తకం తీసుకుని కూర్చుంటాను గాని, హంపమ్మ, వన్నూరమ్మ మైదానంలోకి వస్తే నాకు పేజీ తిరగదు.

ఇద్దరిదీ ఒకటే వీధి. నన్ను జేజీ అంటారు, అవ్వా అన్నట్టు. ఇంటర్ చదువుతున్నారు. హంపమ్మ మూడో నంబరు. చీపురుపుల్లలా ఉంటుంది. బంతి గట్టిగా కొట్టలేదు కాని బేసు మీదికి చేరకుండా ఉండదు. ఒక్కోసారి బంతికి భుజం అడ్డం పెట్టి, దెబ్బ తగిలినందుకు నియమం ప్రకారం దొరికే బేసు మీదికి నవ్వుకుంటూ పోతుంది. వన్నూరమ్మ నాలుగో నంబరు. వేరుశనగ మూటలెత్తిన భుజాలు దానివి. పెద్ద కొట్టుడు. కాని పదిమంది చూస్తుంటే కట్టెలా బిగుసుకుపోతుంది. అప్పుడు రెండో బేసు మీద నుంచి హంపమ్మ గొంతు లేస్తుంది.

"ఏం మే దున్నా! కందిచేనికి కాపలా పెట్టినావా నన్ను ఈడ? ఎండకు మాడిపోతాండా. కొట్టు మే!"

వన్నూరికి నవ్వొస్తుంది. నవ్వితే భుజాలు వదులవుతాయి. భుజాలు వదులైతే బంతి మా ఇంటి పెరట్లో ఉంటుంది. హంపమ్మ ఇల్లు చేరి, వెనకే వచ్చిన వన్నూరి వీపు మీద ఒకటి చరుస్తుంది. వాళ్ళకు ఆట నేర్పిన మాబుసాబ్ ఇంతకుమించిన ఎత్తుగడ ఏదీ నేర్పలేదు. "పని చేస్తాండే బోరింగును ఇప్పి చూడగూడదు" అనేవాడు.

మొదటి తులన ఫలితాలు ప్రకటించడానికి పరాంకుశం గారు మా మైదానానికే వచ్చారు. షామియానా వేశారు. వన్నూరమ్మ మొదటి స్థానంలో ఉంది. చిట్టచివర కోస్తా వైపు రేవుపాడు జట్టు ఉంది. ఆ జట్టు శిక్షకురాలు సత్యవాణి లేచింది.

"మా చంద్రమణి కొడితే బంతి కాలవ అవతల పడుద్దండీ. కాని అది వచ్చేసరికి బేసు మీద నరమానవుడు ఉండడు. లేని మనిషిని ఇంటికెలా తెస్తదండీ?"

"అయితే మీ మొదటి ముగ్గురికీ బేసు మీదికి చేరేది నేర్పించండమ్మా" అన్నాడు మాబుసాబ్.

పరాంకుశం గారు చేయెత్తి ఆపారు. "నేర్పించుట అనునది దీర్ఘకాలిక చర్య. ఈ సంస్థ తక్షణ చర్యలకు మాత్రమే కట్టుబడి ఉన్నది. పోల్చదగిన వారికి పోల్చదగిన పరిస్థితులు కల్పించుట ప్రథమ కర్తవ్యం."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ప్రతి జట్టు నాలుగో నంబరు బ్యాటు పట్టేసరికి రెండో బేసు మీద ఒక 'నియమిత రన్నర్' ఉండాలి. ఆ జట్టు మూడో నంబరే హోదా రీత్యా నియమిత రన్నర్. ఆమె బంతి కొట్టనక్కర్లేదు, పరిగెత్తనక్కర్లేదు, నడిచి వెళ్ళి నిలబడితే చాలు. ఏడో క్లాజులో ఇంకో మాట ఉంది: "నియమిత రన్నర్ తన జట్టు నాలుగో నంబరు కొట్టిన బంతి వలన హోమ్ చేరిన పిమ్మట మాత్రమే విధి నుండి విముక్తురాలగును."

"కొట్టకుండానే బేసు మీదికి పంపిస్తారంట జేజీ!" అని హంపమ్మ గోడ సందు అవతల గంతులేసింది. "భుజాలకు దెబ్బలు తప్పినాయి."

ఏడో క్లాజు చదివి నాకు దిగులేసింది. పంపించేవాళ్ళు ఎప్పుడూ సంతోషంగానే పంపిస్తారు, తిరిగి రావడానికే షరతులు పెడతారు. కాని వన్నూరి ఉన్నంతకాలం ఆ క్లాజు ఎవరినీ ఏమీ చేయలేదు. హంపమ్మ నడిచి వెళ్ళేది, నిలబడేది, అరిచేది. వన్నూరి కొట్టేది. కాసేపటికల్లా హంపమ్మ ఇంట్లో ఉండేది.

రెండో తులనలోనూ వన్నూరే మొదట వచ్చింది. పరిస్థితులు సమానం చేశాక కూడా ఫలితాలు సమానం కాకపోవడంతో సంస్థ కలవరపడింది. ఇద్దరు నిపుణుల్ని పంపింది. వాళ్ళు రెండో బేసు పక్కన శబ్దాన్ని కొలిచే పరికరం పెట్టి హంపమ్మ తిట్లను కొలిచారు. రాగులదిన్నె నాలుగో నంబరుకు మిగతా జట్లకు లేని 'ప్రేరక దూషణ' అందుతోందని నివేదిక ఇచ్చారు.

దూషణను నిషేధిస్తే సరిపోయేది. కాని నిషేధం సంస్థ పద్ధతి కాదు. ఒకరికి ఉన్నది అందరికీ ఉండాలి. అందుకని ఒక ప్రామాణిక దూషణ తయారుచేసి, అచ్చువేయించి, అన్ని జిల్లాల రెండో బేసులకు పంపారు. సొంత తిట్లు వాడరాదు. నియమిత రన్నర్ దీన్ని మాత్రమే బిగ్గరగా చదవాలి:

"ఓ బ్యాటరూ! నీవు జాగు చేయుచున్నావు. నీ జాప్యము వలన నాకు మిక్కిలి విసుగు కలుగుచున్నది. కావున సత్వరమే కొట్టవలసినదిగా మందలించడమైనది."

రేవుపాడులో ఇది చదివితే చంద్రమణి బ్యాటు కింద పెట్టి "చిత్తమండీ" అందట. ఇంకో జిల్లాలో బ్యాటరు వచ్చి కాగితం కాపీ ఇవ్వమని అడిగిందట. మా ఊళ్ళో హంపమ్మ ఎండలో నిలబడి, పురోహితుడి గొంతు పెట్టి, 'మందలించడమైనది' దగ్గర రాగం తీసింది. వన్నూరి కడుపు పట్టుకుని నవ్వింది. ఆ వేళ రెండు బంతులు మా ఇల్లు కూడా దాటి వెనక వీధిలో పడ్డాయి.

మూడో తులన తర్వాత పరాంకుశం గారు మళ్ళీ వచ్చారు. ఈసారి ముఖం ప్రశాంతంగా ఉంది. నిర్ణయం తీసేసుకున్న మనుషుల ముఖాలు అలాగే ఉంటాయి.

"మన పొరపాటు ఎక్కడ జరిగినదో గుర్తించితిమి" అన్నారు. "నాలుగో నంబరును మనం మనిషిగా చూచుచున్నాము. అది మనిషి కాదు, పోస్టు. పోస్టులో మనిషి పాతుకుపోయిన చోట తులన సాధ్యపడదు. సుదీర్ఘకాలం ఒకే స్థానమున ఉండుట వలన స్థానిక బంధములు ఏర్పడును. కావున నాలుగో నంబర్లందరికీ సాధారణ బదిలీలు."

బదిలీల కౌన్సెలింగ్ జిల్లా కేంద్రంలో జరిగింది. వన్నూరి వెంట మాబుసాబ్ వెళ్ళాడు. తిరిగొచ్చి గోడ దగ్గర నిలబడి జరిగిందంతా చెప్పాడు.

బల్ల వెనక పరాంకుశం గారు, పక్కన గుమాస్తా దేవోజీ ఉన్నారట. వన్నూరి చేతులు కట్టుకుని నిలబడి, "సార్, హంపమ్మ లేకుంటే నాకు కొట్టేకి రాదు సార్" అందట.

"భార్యాభర్తలైన పక్షంలో ఒకే చోట ఉంచుటకు నిబంధన ఉన్నది. ఆమె నీకు ఏమగును?"

"మూడో నంబరు సార్."

పరాంకుశం గారు దేవోజీ వైపు చూశారట. దేవోజీ నియమాలు తిరగేసి, "మూడో నంబరు కుటుంబ నిర్వచనంలోకి రాదు సార్" అన్నాడట.

"పోనీ దాన్ని గూడా నాతోనే బదిలీ చేయండి సార్."

"నియమిత రన్నర్ పోస్టు బదిలీకి లోబడదు. అది స్థిర పోస్టు. స్థిరంగా నిలబడుటయే దాని విధి."

"అయితే నేను నాలుగో నంబరు వదిలేస్తా సార్. తొమ్మిదో నంబరుగా ఆడతా. దాని జట్టులోనే ఉంటా."

"స్వచ్ఛంద స్థాయి తగ్గింపునకు అయిదేండ్ల సర్వీసు ఉండవలెను" అన్నారట పరాంకుశం గారు. పిల్లకు అప్పటికి ఏడాదిన్నర సర్వీసుంది. రేవుపాడుకు వేశారు. అక్కడి చంద్రమణిని మా ఊరికి వేశారు.

వన్నూరి బయల్దేరిన రోజే మ్యాచి పడింది. కొత్త నాలుగో నంబరు చేరుతుంది గనక హంపమ్మ పొద్దున్నే బేసు మీద నిలబడి ఉంది. వన్నూరి బట్టల సంచి భుజాన వేసుకుని, మైదానానికి అడ్డంపడి నేరుగా రెండో బేసు దగ్గరికి వెళ్ళింది.

"పోతాండా మే."

"పో. నేనేం ఏడ్చను. నాకీడ డ్యూటీ."

"అన్నం తిను. ఊరికే మరమరాలు మేస్తాండొద్దు."

"నువ్వు ఆడ ఎవురితో తిట్టించుకుంటావ్?"

"ఎవురికొస్తాది మే నీ మాదిరి?" అంది వన్నూరి. నవ్వబోయి మానుకుంది. "బస్సుకు టైమైతాంది."

హంపమ్మ ఒక అడుగు ముందుకు వేయబోయింది. "బేసు! బేసు!" అని అంపైరు కేక పెట్టాడు. పిల్ల కాలు వెనక్కి తీసుకుంది. వన్నూరి గేటు దాటేదాకా బేసు అంచున మునివేళ్ళ మీద నిలబడింది. నేను కుర్చీ దిగి లోపలికి వచ్చేశాను. ఎవరైనా సంచి భుజాన వేసుకుంటే చూస్తూ నిలబడటం ఈ వయసులో నా వల్ల కాదు.

చంద్రమణి మంచి పిల్ల. నీళ్ళ ఊరి నుంచి వచ్చింది, మా ఎండ చూసి బెదిరిపోయింది. రెండో రోజుకే పెదాలు పగిలాయి. అచ్చు దూషణ మీద హంపమ్మకు ఓపిక నశించి, "ఏం మే గోంగూర కట్టా, చేతుల్లో జీవముందా లేదా?" అని పాత పద్ధతిలో అరిచింది. చంద్రమణి బ్యాటు పారేసి ఏడ్చింది.

"నేనేం చేశానండీ? మా అమ్మ కూడా నన్నెప్పుడూ అలా అనలేదండీ."

హంపమ్మ నొచ్చుకుని బేసు మీద నుంచే క్షమాపణలు చెప్పింది. చంద్రమణి కళ్ళు తుడుచుకుని కొట్టింది. బంతి ఆమె కాళ్ళ దగ్గరే పడింది. ఆట ముగిసింది. హంపమ్మ బేసు మీద ఉండిపోయింది.

మాబుసాబ్ ఫోన్ చేశాడు. "ఆట అయిపోయింది సార్. పిల్లను ఇంటికి పంపేదా?"

"ఏడో క్లాజు పరిశీలించితిరా?"

"పరిశీలించినా సార్. పొద్దు మునుగుతాంది."

పరాంకుశం గారు నిర్దయులు కారు. మరునాడే సవరణ వచ్చింది. ఇల్లు చేరని నియమిత రన్నర్లు రాత్రుళ్ళు నిలబడనక్కర్లేదు. పని దినాల్లో ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు దాకా నిలబడితే చాలు. మధ్యలో భోజన విరామం. ఆదివారాలు, రెండో శనివారాలు సెలవు. హాజరు మాత్రం ఫోనులో ముఖం చూపించి వేయాలి. మొదట్లో హంపమ్మ ముఖం బాగానే పడింది. ఎండకు నల్లబడ్డాక ఫోను గుర్తుపట్టక 'ముఖం సరిపోలలేదు' అంది. గుమాస్తా దేవోజీ వచ్చి కొత్త ముఖం నమోదు చేసి వెళ్ళాడు.

ఈలోగా చంద్రమణికి కామెర్లు వచ్చాయి. వైద్య సెలవు మీద రేవుపాడు వెళ్ళిపోయింది. పోస్టు ఖాళీ ఉండకూడదు గనక ఏడో నంబరు నూరున్నీసాకు నాలుగో నంబరు పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించారు. ఆ పిల్ల గుండె గల మనిషి. మొదటి మ్యాచిలోనే బంతిని మా గోడకు తగిలేలా కొట్టింది. హంపమ్మ పరిగెత్తింది. మూడో బేసు దాటింది, ఇల్లు చేరింది. హోమ్ మీద రెండు కాళ్ళతో గెంతింది. వాళ్ళమ్మ బయట నుంచి పరిగెత్తుకొచ్చి వాటేసుకుంది. నేను కుర్చీ మీద లేచి నిలబడి ఈల వేయబోయాను, పళ్ళు లేక రాలేదు.

అంపైరు చేయి అడ్డం ఊపాడు. అతనికి అంతకుముందే ఫోన్‌లో స్పష్టత ఇచ్చారు.

"ఇన్‌చార్జి నాలుగో నంబరుకు రోజువారీ బంతులు కొట్టే అధికారమే ఉంది" అన్నాడు చదువుతూ. "విధాన నిర్ణయాలు తీసుకోకూడదు. రన్నర్‌ను ఇంటికి తేవడం విధాన నిర్ణయం కిందికి వస్తుంది."

"విధానమా?" అంది హంపమ్మ తల్లి. "బిడ్డ ఇంటికొచ్చేది విధానమేందప్పా?"

అంపైరు పాపం ఫోను జేబులో పెట్టుకున్నాడు. హంపమ్మ తన తల్లి చేతులు విడిపించుకుని, తనే నడుచుకుంటూ రెండో బేసు మీదికి పోయి నిలబడింది. ఆరోజు నుంచి ఆ పిల్ల అరవడం మానేసింది.

సీజను అలాగే నడిచింది. రేవుపాడులో వన్నూరి పరిస్థితీ అంతే. అక్కడి రన్నర్ చాలా మర్యాదస్తురాలు, "కొడతారాండీ, తొందరేం లేదులెండి" అనేదట. వన్నూరి కట్టెలా బిగుసుకుపోయి, వచ్చిన బంతినల్లా గాలికి వదిలేసేది. అక్కడ పాతుకుపోతుందేమోనన్న అనుమానంతో ఆమెను ఇంకో రెండు జిల్లాలకు తిప్పారు. మిగతా నాలుగో నంబర్లనూ తిప్పారు. ఏ పిల్లా ఏ ఊళ్ళోనూ అన్నం సయించేంత కాలం ఉండలేదు. సీజను చివర్న లెక్క తీస్తే, బదిలీల తర్వాత ఇంటికి చేరిన రన్నర్లు ఏ జిల్లాలోనూ లేరు.

దీన్ని పండుగలా చేశారు. రాజధానిలో సభ పెట్టి, తెర మీద రంగుల గీతలు చూపించారు. ఏడాది మొదట్లో ఎగుడుదిగుడుగా ఉన్న గీతలన్నీ చివరికి కలిసిపోయి, నేల మీద గీసిన గీతలా చదునుగా ఉన్నాయి. పరాంకుశం గారు ఆ గీతకు చేతులు జోడించారు.

"జిల్లాల మధ్య ఇంతటి సమానత్వము ఇంతవరకు ఏ శాఖలోనూ సాధింపబడలేదు. అందరు నాలుగో నంబర్లు సమానమే అయినప్పుడు, ఒకరికి మరొకరికి భేదము లేనప్పుడు, అట్టి పోస్టు వలన ప్రత్యేక ప్రయోజనము లేదని కూడా తేటతెల్లమైనది. కావున నాలుగో నంబరు పోస్టు రద్దు పరచడమైనది. మూడు తరువాత అయిదు."

చప్పట్లు మోగాయి. మాబుసాబ్ ఒక్కడే లేచాడు.

"బేసు మీద పిల్ల ఉంది కదా సార్? దాన్ని ఇంటికి తేవాల్సింది నాలుగో నంబరే కదా సార్?"

"ఆ పోస్టు రద్దయినది కదా."

"అదే సార్ నేను అడిగేది."

"అదే నేను చెప్పునది" అన్నారు పరాంకుశం గారు. తర్వాత వందన సమర్పణ.

మిగతా జిల్లాల్లో పిల్లలు ఒక్కొక్కరే సెలవు పెట్టి జారుకున్నారట. హంపమ్మ జారుకోలేదు. వాళ్ళ నాన్న తోపుడుబండి నిలిపే స్థలం మైదానం బయట సర్కారుది. ఆ సంగతి దేవోజీ ఎవర్నీ బెదిరించకుండా, మాటవరసకు, రెండుసార్లు అన్నాడు. అది చాలు. పిల్ల రోజూ పదింటికి వచ్చేది. ముఖం చూపించేది. నిలబడేది. రెండో బేసు మీద రేకుల నీడ వేయించారు. ఇంటర్ పరీక్షలు వస్తే బేసు పక్కన బల్ల వేసి, దాన్నే పరీక్షా కేంద్రంగా ప్రకటించారు. 'ఆదర్శ బేసు' అని బోర్డు పెట్టారు. ఇతర శాఖల వాళ్ళు చూడటానికి రాసాగారు.

నేను మజ్జిగ తీసుకెళ్ళినప్పుడల్లా అడిగేదాన్ని. "ఎట్లుండావే?"

"బాగుండా జేజీ. అలవాటైపోయింది."

ఆ మాటకే నాకు భయమేసేది. ఏడిస్తే ఎవరైనా ఓదార్చవచ్చు. అలవాటైన మనిషిని ఏం చేస్తారు?

రద్దయిన నాలుగో నంబర్లను రాజధానిలో సంస్థ ప్రధాన కార్యాలయానికి జతచేశారు. వరండాలో ఒక బెంచీ వేసి కూర్చోబెట్టారు. పని లేదు, ఇంటికి పోవడానికీ లేదు. ఒకనాడు ఆ బెంచీ మీద నుంచి వన్నూరి లేచింది. ఎవరికీ చెప్పలేదు. బస్సులు మారి మారి మధ్యాహ్నానికి రాగులదిన్నె మైదానం గేటు తోసుకుని లోపలికి వచ్చింది.

సరిగ్గా ఆవేళే పక్క రాష్ట్రం నుంచి ఒక ప్రతినిధి బృందం మా రెండో బేసును అధ్యయనం చేయడానికి వస్తోంది. ఏర్పాట్లు చూడటానికి పరాంకుశం గారు, దేవోజీ ముందే వచ్చి ఉన్నారు.

"మాబుసాబ్ సారూ, బ్యాటు ఇయ్యి" అంది వన్నూరి.

"పోస్టు లేదు కదమ్మా..."

"బ్యాటుంది కదా."

మాబుసాబ్ ఆమె వైపు చూశాడు. పరాంకుశం గారి వైపు చూశాడు. ఆ తర్వాత బ్యాటు ఇచ్చి, తనే బంతి తీసుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ విసిరే చోటికి నడిచాడు.

"ఏమి జరుగుచున్నది?" అన్నారు పరాంకుశం గారు.

జరగాల్సింది జరిగింది. బంతి మా కొబ్బరిచెట్టు మట్టల్లో ఇరుక్కుంది. ఇప్పటికీ అక్కడే ఉంది.

వన్నూరి పరుగు మొదలుపెట్టింది. మొదటి బేసు తొక్కింది. రెండో బేసు దగ్గరికి వచ్చి ఆగింది. హంపమ్మ అక్కడే నిలబడి ఉంది. కదల్లేదు.

"పరిగెత్తు మే!" అంది వన్నూరి.

"అయిదు కాలేదు" అంది హంపమ్మ. పరాంకుశం గారి వైపు చూస్తూ అంది.

ఈ ఆటలో ఒక నియమం ఉంది. ఏ సంస్థా పెట్టింది కాదు, ఆటతో పుట్టింది. వెనక వచ్చినవాళ్ళు ముందున్న మనిషిని దాటి పోకూడదు. దాటితే అవుటు. ఎంత దూరం కొట్టినా సరే, ముందున్న మనిషి కదిలితేనే వెనకున్న మనిషికి ఇల్లు.

వన్నూరి ఆయాసపడుతూ హంపమ్మ వెనకే నిలబడింది. "నిన్ను దాటి నేను పోలేను. ఊర్లూర్లు తిరిగి యాడా కొట్టలేక చచ్చి, ఈడికొచ్చి ఒకటి కొట్టినా. నువ్వు కదలకపోతే నేనూ ఈణ్ణే నిలబడతా. నీ ఇష్టం."

"నాయిన బండి..."

"యాడ పెట్టుకోవాల్నో నాయినకు తెలుసులే. నువ్వు కదులు."

హంపమ్మ కాళ్ళ కింది దిండును చూసుకుంది. ఒక కాలు తీసింది. రెండో కాలు తీసింది. పరిగెత్తలేదు. చాలాకాలం నిలబడ్డ కాళ్ళు పరుగు మరిచిపోతాయి. నడిచింది. వెనకే వన్నూరి నడిచింది. ముందు హంపమ్మ, వెనక వన్నూరి, మూడో బేసు తొక్కి ఇల్లు చేరారు. హంపమ్మ అక్కడ చతికిలబడి పెద్దగా ఏడ్చింది. ఏడాదికి సరిపడా ఏడ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇది చెల్లదు!" పరాంకుశం గారు పరిగెత్తుకొచ్చారు. "లేని పోస్టు కొట్టిన బంతి లేని బంతితో సమానము. రన్నర్ తక్షణము బేసునకు మరలవలెను!"

హంపమ్మ లేవలేదు. గేటు బయట కార్ల హారన్లు మోగాయి. ప్రతినిధి బృందం వచ్చేసింది. నీడ ఉంది, బోర్డు ఉంది, బేసు మీద మనిషి లేదు.

"మాబుసాబ్, నీవు నిలబడుము!"

"మోకాళ్ళు సార్" అన్నాడు మాబుసాబ్.

"దేవోజీ!"

"నాది మినిస్టీరియల్ పోస్టు సార్, ఆఫీసు రాతపని. ఫీల్డు డ్యూటీ రూల్సు ఒప్పుకోవు."

కార్ల తలుపులు తెరుచుకున్నాయి. ఖాళీ బేసును చూపించడం కంటే పరాంకుశం గారికి చావే నయం. కోటు సర్దుకుని, గబగబా నడిచి, తనే రెండో బేసు మీద నిలబడ్డారు. బృందం వచ్చింది, ఆయన చుట్టూ తిరిగింది, ఫోటోలు తీసుకుంది. స్వయంగా అధికారే నిలబడటం మా రాష్ట్రంలో ఇంకా మొదలుకాలేదండీ అని పెద్దాయన ఒకాయన కన్నీళ్ళు పెట్టుకున్నాడు. టీ తాగి వెళ్ళిపోయారు.

పరాంకుశం గారు నుదురు తుడుచుకుని బేసు దిగబోయారు.

"సార్, దిగకూడదు" అన్నాడు దేవోజీ. ఫోను ఆయన ముఖానికి ఎదురుగా పెట్టాడు. అది ఠంగుమంది. "ముఖం పడింది సార్. ఇక తమరే నియమిత రన్నర్. ఏడో క్లాజు తమరి సంతకంతోనే ఉంది. నాలుగో నంబరు కొట్టాకే దిగాలి. ఆడిట్‌లో పట్టుకుంటారు సార్."

ఆ 'ఆడిట్' అన్న మాటకు ఆయన కాలు గాల్లోనే ఆగి, తిరిగి దిండు మీద పడింది. ఎండ ఏటవాలుగా ముఖానికి కొడుతోంది. రేకుల నీడ అప్పటికే పక్కకు జరిగిపోయింది. ఆయన మైదానం నలువైపులా చూశారు. చివరికి హోమ్ దగ్గర చెప్పుల్లో మట్టి దులుపుకుంటున్న వన్నూరి కనబడింది.

"అమ్మాయ్" అన్నారు. మొదటిసారి మామూలు తెలుగులో అన్నారు. "ఒక్కటి కొట్టమ్మా. చిన్నది కొట్టినా చాలు."

వన్నూరి నిలబడి వినయంగా చేతులు కట్టుకుంది.

"కొడదామనే ఉంది సార్" అంది. "పోస్టు లేదు కదా."

బ్యాటు మాబుసాబ్ చేతికిచ్చి, హంపమ్మను లేపి నిలబెట్టింది. ఇద్దరూ గేటు వైపు నడిచారు. హంపమ్మ ముందు నడుస్తూ, వెనకదాని అడుగుల చప్పుడు వినబడుతోందో లేదోనని మధ్య మధ్య ఆగింది. "నడువు మే, వస్తాండా" అంటోంది వన్నూరి. "వస్తాండా. నడువు."